రెండో పున్నమికి పండే సబ్బు

ఈ మధ్య మా ఇంటికి వచ్చే ఆడపిల్లలు ఎక్కువయ్యారు. అరకులో నేనుండేది రెండు గదుల ఇల్లు. విశాఖ నుంచి, విజయనగరం నుంచి, ఒక్కోసారి ఇంకా దూరం నుంచి వెతుక్కుంటూ వస్తారు. ఇంట్లోనే సబ్బులు, ఒంటి నూనెలు, పెదవులకు రాసుకునే బామ్‌లు చేసి అమ్ముదామని వాళ్ళ ఆశ. కుర్చీలో కూర్చోగానే అడిగే మాట ఒక్కటే: "మేడం, ఏ సెంటు వేస్తే బాగా అమ్ముడుపోతుంది?"

నాకు ఒళ్ళు మండుతుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా గిన్నె పొయ్యెక్కలేదు, అప్పుడే సెంటు సంగతి. ఇంకో పిల్లయితే ఫోన్లో లేబులు బొమ్మ కూడా చూపిస్తుంది. బ్రాండు పేరు పెట్టేశారట, సబ్బు మాత్రం ఇంకా చేయలేదట. మండినా పైకి కనపడనివ్వను. కాఫీ కలిపి ఇచ్చి మొదట్నుంచీ చెబుతాను. చెప్పి చెప్పి గొంతు అరిగిపోతోంది కనుక ఇప్పుడు రాసిపెడుతున్నాను.

నా పేరు రమణమ్మ. పార్వతీపురం పక్కన వరి రైతుల ఇంట్లో పుట్టాను. కెమిస్ట్రీ చదివాను. కొన్నేళ్ళు సబ్బుల కార్ఖానాలో పనిచేశాను. ఆ తర్వాత ఒక స్వచ్ఛంద సంస్థలో చేరి, ముందు మైదానంలో, తర్వాత ఈ కొండల్లో ఆడవాళ్ళకి సబ్బులు నేర్పుతూ తల నెరిపించుకున్నాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఎవరు శాలువా కప్పారో రాయను. అవి చదివితే మీ సబ్బు గట్టిపడదు.

కాటా

నా మొదటి యజమాని బట్టతల, పెద్ద గొంతు. కార్ఖానాలో ఆయన అరుపు వినపడితే కాకులు లేచిపోయేవి. కానీ నాకు పని నేర్పింది ఆయన అరవని రోజు.

అక్కడ ఒక పాత పనివాడు ఉండేవాడు. కాస్టిక్ సోడాని కంటి అంచనాతో వేసేవాడు. "నా కన్ను తప్పదు" అని గొప్ప. ఒకరోజు తప్పింది. తొట్టెడు సబ్బులో సోడా ఎక్కువైంది. యజమాని వచ్చి చూశాడు. అరవలేదు. మా అందరినీ వరసగా నిలబెట్టి, ఆ సబ్బుతోనే చేతులు కడుక్కోమన్నాడు. ముందు తనే కడుక్కున్నాడు. చేతులు ఎర్రగా కమిలి భగ్గుమన్నాయి.

"ఇవాళ మనం కడుక్కున్నాం. చూసుకోకపోతే రేపు ఎవడి చంటిపిల్లకో దీంతో నీళ్ళు పోసేవాళ్ళు" అన్నాడు.

ఆ రోజు నుంచి నేను కాటా లేకుండా సబ్బు జోలికి పోలేదు. మీరూ పోకండి. గ్లాసు లెక్క, గరిటె లెక్క వంటకి సరిపోతుంది, సబ్బుకి పనికిరాదు. నూనెలన్నీ ఒకే జాతి కావు. కొబ్బరినూనె అడిగే సోడా వేరు, ఇప్పనూనె అడిగేది వేరు, ఆముదం అడిగేది వేరు. ఒక నూనె బదులు ఇంకో నూనె పోసి, సోడా మాత్రం పాత లెక్కే వేసి, "మేడం, పాడైపోయింది" అని ఏడ్చుకుంటూ వచ్చిన వాళ్ళు బోలెడు మంది.

ఇంకో మాట. "మాది కెమికల్స్ లేని సబ్బు" అని పెట్టె మీద రాసుకునే వాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. కాస్టిక్ సోడా లేకుండా సబ్బు పుట్టదు. లెక్క సరిగ్గా కుదిరితే సోడా అంతా నూనెలో కలిసి సబ్బైపోతుంది, సోడాగా మిగలదు. ఉన్న మాట ఇది. దీన్ని దాచి అమ్మడం ఎందుకు? కళ్ళద్దాలు పెట్టుకోండి, చేతులకి తొడుగులు వేసుకోండి, పిల్లల్ని గదిలోంచి పంపేయండి. ఎప్పుడూ నీళ్ళలోనే సోడా వేయాలి, సోడా మీద నీళ్ళు పోస్తే ఎగదన్ని మొహం మీదికి వస్తుంది. చుక్క ఒంటి మీద పడితే ధారగా చన్నీళ్ళు పోస్తూ ఉండండి. వెనిగర్ రాయమని ఎవరో వీడియోలో చెబుతారు. వినకండి.

ఎవరి అంబలి?

సంస్థ నన్ను కొండల్లోకి మొదట పంపిన ఊళ్ళలో ఒకటి పెదబయలు దాటి బాగా లోపలికి ఉంటుంది. జీపు ఆగిన చోటు నుంచి వాగు దాటి నడవాలి. ఆ ఊరి అడవిలో ఇప్పచెట్లు దండిగా ఉన్నాయి. పలుకులు ఏరి, ఆడించి, ఆ నూనెతో వండుకుంటారు, దీపం పెడతారు. మిగిలింది సంతలో వ్యాపారి చెప్పిన ధరకి ఇచ్చేసి వస్తారు. అదే నూనెని సబ్బు చేస్తే ఇల్లు గడుస్తుందని మా ఆలోచన.

అక్కడ గురుబారి పరిచయమైంది. మనిషి పొట్టి, మాట గట్టి. ఆ ఊరి మహిళా సంఘానికి ఆమే పెద్ద. మొదటి రోజే సూటిగా అడిగింది.

"మేడం, ఈ పని నిలబడుద్దా? నిలబడకపోతే ముందే సెప్పీ. పంటలు కోసీసినాక మేమంతా ఇటుక బట్టీలకి దిగిపోతాం. మళ్ళీ ఎండలు ముదిరినాకే కొండెక్కుతాం. గుంటల్ని ముసలోళ్ళ దగ్గర ఒగ్గీసి ఎలిపోతాం. నా సిన్న గుంట పోయినేడు నన్ను సూసి ఎవలో అనుకుని దాక్కుంది."

చెప్పేటప్పుడు ఆమె ఏడవలేదు. నేనే తల తిప్పుకున్నాను. ఆ పిల్ల వాకిట్లోనే ఆడుకుంటోంది. అప్పటి నుంచి ఆ ఊళ్ళో నేను నేర్పింది సబ్బే అయినా, నా మనసులో ఉన్నది ఒక్కటే: వీళ్ళు బట్టీలకి దిగకూడదు.

ఇక మొదటి సబ్బు. నూనె, సోడానీళ్ళు కలిపాక చిక్కబడేదాకా తిప్పుతూ ఉండాలి. ఎంత చిక్కదనం అంటే చెప్పడం కష్టం. వాళ్ళకి తెలిసిన పోలికే చెబుదామని, రాగుల్ని ఇక్కడ చోళ్ళంటారు కనుక, "చోడి అంబలిలా అవ్వాలి, అప్పుడే అచ్చుల్లో పోయండి" అన్నాను. అందరూ తలూపారు. నేను పక్క ఊరికి వెళ్ళిపోయాను.

తిరిగి వచ్చేసరికి అచ్చుల్లో పైన నూనె తేలుతోంది, అడుగున సోడానీళ్ళు నిలిచి ఉన్నాయి. "అంబలిలా అవ్వాలన్నాను కదమ్మా!" అన్నాను.

"అయ్యింది మేడం. అచ్చం అంబలే" అంది గురుబారి. నాకు నమ్మకం కుదరలేదని చూసి లోపలికి వెళ్ళి, ఎండిన ఆనపకాయ బుర్రలోంచి ఇంత అంబలి వంచి చేతికిచ్చింది. నీళ్ళకి నీళ్ళు! ఎండలో కొండ ఎక్కి దిగేవాళ్ళు దాహానికి తాగే అంబలి అది. మా పార్వతీపురం వైపు అంబలి గరిటె నిలబడేటంత చిక్కగా కాస్తాం, ఉల్లిపాయ నంజుకుని తింటాం. నేను మా ఇంటి అంబలి చెప్పాను, వాళ్ళు వాళ్ళ ఇంటి అంబలి పోశారు.

అందరం పడీ పడీ నవ్వుకున్నాం. ఆ రోజు నుంచి పోలికలు మానేసి గుర్తు చెప్పడం మొదలుపెట్టాను: గరిటెతో పైన ఒక గీత గీయండి. గీత మునిగిపోతే ఇంకా తిప్పండి, గీత నిలబడితే పోసేయండి. మీరు ఎవరికైనా ఈ పని నేర్పితే, ఎదుటివాళ్ళ వంటింట్లో ఆ మాటకి అర్థం ఏమిటో ముందు కనుక్కోండి.

ఆ ఊరివాళ్ళే నాకొకటి నేర్పారు. అచ్చుకి అడుగున కాగితం వేస్తే సబ్బుకి అంటుకుపోయేది. వాళ్ళు విస్తర్లు కుట్టే అడ్డాకులు పరిచారు. ఆకు నల్లబడి ఊడిపోయింది, ఈనెల ముద్ర మాత్రం సబ్బు మీద చక్కగా నిలిచింది. పట్నంలో ఆ డిజైను కోసం ప్లాస్టిక్ అచ్చులు కొంటున్నారు. మీ చుట్టూ ఏ ఆకు ఉందో చూడండి ముందు. గిన్నెల్లో మాత్రం జాగ్రత్త. సత్తు గిన్నెలో, అదే అల్యూమినియం గిన్నెలో, సోడా పోశారో, పొంగి, నల్లబడి, గిన్నెకే చిల్లు పడుతుంది. స్టీలు వాడండి.

బూజు పట్టిన గౌరవం

సంస్థలో నాకు పైఅధికారి కార్యదర్శి గారు. చెడ్డవాడు కాదు. కానీ ఆయనకి ప్రతిదీ నిన్నే అయిపోయి ఉండాలి. ఒకసారి పార్వతీపురంలో ప్రదర్శనకి కలబంద జెల్ కావాలన్నాడు. "సీసాలో ఆకుపచ్చగా ఉంటే జనం ఎగబడతారు రమణమ్మ గారూ."

"నీళ్ళుండే సరుకు నిలవ ఉండదండి. నిలవ మందు సరిగ్గా కలపాలి, పరీక్ష చేయించాలి, సమయం పడుతుంది" అన్నాను. ఆయన ఇంకో ఊరి సంఘం చేత చేయించాడు. ప్రదర్శన ప్రారంభించడానికి వచ్చిన పెద్దాయన సీసా మూత తీసి వాసన చూడబోయాడు. లోపల బూజు పిల్లి బొచ్చులా లేచి ఉంది. పెద్దాయన మర్యాదగా మూత పెట్టేసి పక్క స్టాలుకి వెళ్ళాడు. కార్యదర్శి గారి మొహం చూడాలి ఆ రోజు!

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నా మాట ఇది: ముందు నీళ్ళు తగలని సరుకు చేయండి. సబ్బు, మైనంతో బామ్, ఒంటి నూనె, సున్నిపిండి. సున్నిపిండి కూడా వానాకాలం ఈ కొండల మీద చెమ్మ లాగుతుంది, గట్టి మూత పెట్టండి. మా అరకు వలిసె నూనె బామ్‌కి బాగుంటుంది కానీ తొందరగా కంపు కొడుతుంది, కొంచెం కొంచెంగా చేసుకోండి. క్రీములు, జెల్‌లు మీకు చేయి తిరిగాక చూద్దాం.

ఆగడం

సబ్బు పనిలో అన్నిటికంటే కష్టమైనది కలపడం కాదు, కోయడం కాదు. ఆగడం. పోసిన సబ్బు రెండు రోజులకే గట్టిపడినట్టు కనిపిస్తుంది. లోపల ఇంకా పచ్చిది. నెల దాటి గాలి తగిలేలా ఆరనివ్వాలి. నీరు ఇగిరి, బరువు తగ్గి, నురగ మెత్తబడుతుంది. అప్పుడే అది సబ్బు.

మైదానంలో నేను నేర్పిన ఏ సంఘమూ ఆగలేదు. నెల తర్వాత వెళ్ళేసరికి బల్లలు సగం ఖాళీ. "ఒక్కటే వాడి చూశామండీ." "మా తోడికోడలు అడిగితే ఇచ్చానండీ." "సంతకి పట్టుకెళ్ళామండీ, అమ్ముడైపోయాయి." పచ్చి సబ్బు రెండు స్నానాలకి కరిగిపోతుంది. కొన్నవాళ్ళు మళ్ళీ కొనరు. నేను తిట్టాను, బతిమాలాను, గదికి తాళం వేశాను. ఏదీ పని చేయలేదు.

గురుబారి వాళ్ళ ఊరికి అదే భయంతో, సబ్బు పోసిన పది రోజులకే వెళ్ళాను. షెడ్డులో బల్ల మీద సబ్బులు పోసినవి పోసినట్టే ఉన్నాయి. ఒక్కటి కూడా కదల్లేదు.

"ఎవరూ వాడి చూడలేదా?" అన్నాను ఆశ్చర్యంగా.

గురుబారి నన్ను వింతగా చూసింది. "కొత్త సెయ్యనేదు గదా మేడం. ఎలగ ముట్టుకుంటాం?"

కొండ మీద ఏ పంటైనా, ఏ పండైనా చేతికి రాగానే నోట్లో వేసుకోరు. ముందు అమ్మవారికి పెట్టాలి. దాన్నే కొత్త చేయడం అంటారు. మామిడికి ఒక కొత్త, సామకి ఒక కొత్త. కొత్త కాకుండా కాయ కొరికితే ఊరంతటికీ చేటని నమ్మకం. మన ఇప్పచెట్టు సరుకే కదా, ఇదీ పంటేనని వాళ్ళు తీర్మానించుకున్నారు. నేను చెప్పిన కెమిస్ట్రీ ఎంత చెవికెక్కిందో తెలియదు కానీ, సబ్బు మీద ఒక్క వేలు పడలేదు. నేను ఎన్నో ఏళ్ళుగా చేయలేకపోయింది ఇక్కడ వాళ్ళంతట వాళ్ళే చేసేశారు. ఎగిరి గంతేయాలనిపించింది.

వెంటనే దిసారి దగ్గరికి పరుగెత్తాను. ఊళ్ళో మంచిరోజులు చూసి చెప్పే పెద్ద ఆయన. అప్పటికే చూపు మందగించింది, చెవి మాత్రం పాము చెవి. నా భయమల్లా ఆయన ఎల్లుండే కొత్త అంటాడేమోనని.

"తాతా, ఈ సబ్బు బాగా ఆరాలి. నెల దాటాక రోజు పెడితే మంచిది" అన్నాను.

ఆయన కాసేపు వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. "అమాసకి పోసినారు. ఒక పున్నం ఒగ్గీండి. రెండో పున్నానికి సేద్దాం. అమ్మోరికి తొందరేటి?"

నా లెక్క, ఆయన లెక్క ఒక్క చోటుకే వచ్చి చేరాయి. అప్పటి నుంచి ఆ ఊళ్ళో అదే పద్ధతి. అమావాస్యకి పోస్తారు, రెండో పున్నమికి తీస్తారు. ఈ లోపు రాజుగారు అడిగినా ఇవ్వరు.

కార్యదర్శి గారి జీపు

ఆ మాట నిజంగా పరీక్షకి వచ్చింది. అరకు ఘాటీ దారిలో టైడా దగ్గర కొత్తగా ఒక రిసార్టు కట్టారు. గదుల్లో పెట్టడానికి స్థానిక సబ్బులు కావాలని మేనేజరు అడిగాడు. ఇది నిలిస్తే ఏడాది పొడుగునా పని. గురుబారి వాళ్ళు బట్టీలకి దిగాల్సిన అవసరం ఉండదు. ఇది పోతే పంట కోతలు కాగానే మూటలు సర్దుకోవాలి.

కార్యదర్శి గారు సంతోషం పట్టలేక, ఎవరినీ అడక్కుండా, దసరాకి సరుకు ఇస్తామని మాటిచ్చేశాడు. ఊళ్ళో వాళ్ళు ఆర్డరు కోసం పెద్ద ఎత్తున పోసిందే దసరా ముందు అమావాస్యకి. రెండో పున్నమి అంటే కార్తీక పున్నమి. ఈ సంగతి తెలిసి ఆయన పార్వతీపురం నుంచి పొద్దున్నే బయలుదేరి, మధ్యాహ్నానికి చెమటలు కక్కుకుంటూ వాగు దాటి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

బల్లల నిండా సబ్బులు. నొక్కి చూశాడు. "గట్టిగానే ఉన్నాయి కదా? పెట్టెల్లో సర్దండి."

ఎవరూ కదల్లేదు.

"కొత్త అవ్వనేదు బాబూ" అంది గురుబారి.

"ఇదేమన్నా మామిడికాయా అమ్మా? సబ్బు! రిసార్టు వాళ్ళకి మీ పండగతో ఏం పని?"

"అమ్మోరికే ఇంకా పెట్టనేదు బాబూ. మీ మేనేజరు అమ్మోరి కన్నా పెద్దోడేటి?"

వెనకాల ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆయనకి కోపం ముంచుకొచ్చింది. నా వైపు తిరిగాడు. "రమణమ్మ గారూ, మీరైనా చెప్పండి. ఈ ఆర్డరు పోతే వీళ్ళంతా మళ్ళీ బట్టీలకే పోవాలి. ఆ పాపం ఎవరిది?"

అది బెదిరింపు కాదు, నిజం. గురుబారి చూపు వాకిట్లో ఆడుకుంటున్న చిన్నకూతురి మీద ఆగింది. నెమ్మదిగా అంది.

"పోతే పోతాం బాబూ. పచ్చిది మాత్రం ఇయ్యం. ఒకసారి ఇచ్చీసినామంటే, మా పేరు సెప్తే ఇంకెవలు కొంటారు?"

అమ్మవారి మాటలో ఆమె వ్యాపారం కూడా చెప్పింది. నా ఉద్యోగంలో ఎవరి వైపు నిలబడాలో అంత స్పష్టంగా ఎప్పుడూ తెలియలేదు. "ఇవి కదలవండి. మేనేజరుతో నేను మాట్లాడతాను. మీ జీపు ఇవ్వండి చాలు" అన్నాను. ఆయన పళ్ళు నూరుకున్నాడు కానీ జీపు ఇచ్చాడు. తనూ వస్తానన్నాడు.

బల్ల మీది పచ్చి సబ్బు ఒక్కటి పరీక్షకి ఇమ్మని అడిగాను. గురుబారి గుమ్మం దగ్గర కూర్చున్న దిసారి వైపు చూసింది. "పచ్చిదని సూపెట్టడానికైతే పట్టుకెళ్ళనీ. వాడకానికి కాదు గదా" అన్నాడాయన. ఇంతకు ముందు కొత్త చేసిన సబ్బులు ఒక పెట్టె మిగిలి ఉంటే, అదీ జీపులో పెట్టుకున్నాను.

ఒక టీ తాగే సేపు

మేనేజరు కుర్రవాడు, విశాఖ మనిషి. మొహం నిండా చిరాకు.

"మేడం, మీ సెంటిమెంట్ల కోసం నా గెస్టులు ఆగరు. వేరే వాళ్ళు రేపే సప్లై చేస్తామంటున్నారు."

"తీసుకుందురు గాని. ముందు మాకు టీ ఇప్పించండి. ఈ లోపు చేతులు కడుక్కోండి. దీంతో ఒక చెయ్యి, దీంతో ఒక చెయ్యి" అని రెండు సబ్బులూ ఇచ్చాను. వింతగా చూస్తూనే కడుక్కున్నాడు. రెండింటినీ ఒకే గిన్నెలో, అడుగున కొంచెం నీళ్ళుంచి, పెట్టమన్నాను. కార్యదర్శి గారు నా పక్కన ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.

టీ వచ్చింది. మేనేజరు మాట్లాడుతూ మాట్లాడుతూ ఎడమ చెయ్యి గోక్కోవడం మొదలుపెట్టాడు. తనకే తెలియకుండా.

"ఏ చేతికి ఏ సబ్బు వాడారు?" అన్నాను.

చెయ్యి చూసుకున్నాడు. చర్మం పొడిబారి బిగుసుకుంది. లేచి వెళ్ళి గిన్నె చూశాడు. పచ్చి సబ్బు అడుగు కరిగి చీమిడిలా జారుతోంది. పండిన సబ్బు ఆకు ఈనెల ముద్రతో సహా నిక్షేపంలా ఉంది.

"రెండూ మీవేనా?"

"రెండూ ఒకే ఊరివి, ఒకే నూనె, ఒకే చెయ్యి. తేడా ఒక్కటే, అది పచ్చిది. పచ్చి ఇటుకలతో మీ రిసార్టు కట్టారా? సబ్బూ అంతే. రేపే ఇస్తామన్నవాళ్ళది కొనండి, కానీ ఎప్పుడు పోశారో అడగండి."

అతను మళ్ళీ రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. "మీ పున్నమి ఎప్పుడన్నారు?"

"కార్తీక పున్నమి."

"అసలు రద్దీ కార్తీకంలోనే మొదలు. అప్పటిదాకా బజారు సబ్బులతో నెట్టుకొస్తాను. ఆ పెట్టెలో ఉన్నవి మాత్రం ఇచ్చి వెళ్ళండి, పై కాటేజీల్లో పెట్టిస్తాను" అన్నాడు.

జీపులో కార్యదర్శి గారితో తిరిగి వస్తున్నాను. ఘాటీ మలుపుల్లో, "మీరు గట్టి మనిషి రమణమ్మ గారూ" అన్నాడు. "గట్టిది నేను కాదు" అన్నాను. ఆయన మంచితనం ఏమిటంటే, ఆ తర్వాత ఎక్కడ ఆర్డరు ఒప్పుకున్నా, ముందు "పున్నమి ఎప్పుడు?" అని ఫోన్ చేసి అడిగేవాడు.

కార్తీక పున్నమి నాడు దిసారి మొదటి సబ్బు తీసుకుని అమ్మవారి రాయికి రుద్ది నీళ్ళు పోశాడు. రాయి మీద తెల్లటి నురగ. ఆడవాళ్ళు చేతులు పట్టుకుని థింసా ఆడారు, నన్నూ లాగారు. తర్వాత అందరూ తలో సబ్బు పట్టుకుని వాగులో దిగారు. నేను నేర్పిన సబ్బుతో ఒక ఊరంతా ఒకేసారి స్నానం చేయడం చూశాను. నా ఉద్యోగంలో ఇంతకు మించిన పండగ లేదు.

బట్టీ మేస్త్రి

ఆ నెలంతా సరుకు టైడాకి వెళ్తూనే ఉంది. గెస్టులు గదిలో సబ్బు సంచిలో వేసుకుపోతున్నారని మేనేజరు ఫోన్లో మొత్తుకున్నాడు. తిట్టినట్టు మాట్లాడి, మరిన్ని పంపమన్నాడు. పక్కనే ఇంకో గెస్టుహౌసు వాళ్ళూ అడిగారు.

పంట కోతలు అయిపోయాక, ఒక పొద్దున, నేను షెడ్డులో ఉండగా, బట్టీ మేస్త్రి లారీ వేసుకుని వచ్చాడు. లారీ అవతలి ఒడ్డునే ఆపి, వాగు దాటి నడుచుకుంటూ షెడ్డు దాకా వచ్చాడు. ప్రతి ఏడూ మనుషుల్ని ఎక్కించుకుపోయేది అతనే. మూటలు కట్టుకుని ఎదురుచూసే ఆడవాళ్ళు ఎవరూ కనపడలేదు. షెడ్డులోంచి నవ్వులు మాత్రం వినపడుతున్నాయి.

"ఏటమ్మా గురుబారీ, ఇంకా బయల్దేరనేదేటి? బేగి రండి, ఎండెక్కిపోతంది."

"మేం రావట్నేదు బాబూ."

"రావట్నేదా? మరిక్కడ ఏటి సేత్తారు?"

"సబ్బులు."

మేస్త్రి పకపకా నవ్వాడు. గురుబారి కూడా నవ్వింది. చెంబుతో నీళ్ళు తెచ్చి, చేతిలో ఒక సబ్బు పెట్టింది. ఘాటీ దుమ్మంతా అతని మొహం మీదే ఉంది. కడుక్కున్నాడు. మళ్ళీ నురగ తీసి మెడ కూడా రుద్దుకున్నాడు. వాసన చూసుకున్నాడు.

"ఇది మీరు సేసిందేనేటి?"

"మరెవలు?"

"మా ఇంటిదానికొకటియ్యి తల్లీ" అన్నాడు, గొంతు తగ్గించి. డబ్బులు తీసి ఇచ్చాడు. ఎప్పుడూ ఆమె చేతిలో అడ్వాన్సు పెట్టే మనిషి, ఆ రోజు సబ్బుకి ఖరీదు కట్టాడు. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

అతను వెనక్కి తిరుగుతుంటే గురుబారి పిలిచింది.

"బాబూ, బండి ఖాళీగా దిగిపోద్దేటి? టైడాకి పెట్టెలున్నాయి. ఎక్కించుకో. కిరాయిత్తాం."

మేస్త్రి ఆమెనీ, లారీనీ మార్చి మార్చి చూశాడు. బుర్ర గోక్కున్నాడు. "ఎన్ని పెట్టెలు?" అన్నాడు చివరికి.

ఆడవాళ్ళంతా వరస కట్టి, వాగు దాటించి పెట్టెలు అందించారు. ఎక్కడ పెట్టాలో, ఏది పైన ఉండాలో గురుబారి చెబుతుంటే మేస్త్రే సర్దాడు. ఆమె వెనక తలుపు కొక్కెం వేసి, అరచేత్తో దాని మీద రెండు దెబ్బలు కొట్టి, "పోనీ!" అని డ్రైవరుకి కేక పెట్టింది.

ఆ ఏడు ఆ లారీలో కొండ దిగింది సబ్బులు. మనిషి ఒక్కరూ దిగలేదు.